పేగు పరీక్ష నర్సు చేస్తే సరిపోతుందా?

మన సంఘ కుటుంబాల్లో నర్సింగు చదివి ఇంగ్లండుకో, ఐర్లండుకో, గల్ఫు దేశాలకో వెళ్ళి పని చేస్తున్న ఆడపిల్లలు ఉన్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళు చెప్పే మాట ఒకటి ఈ మధ్య మా ఓ.పి. గది దాకా వచ్చింది. "అక్కడ పెద్దపేగులోకి గొట్టం పెట్టి చూసే పరీక్ష కూడా నర్సులే చేస్తారంట, నిజమేనా?" అని అడుగుతున్నారు. కొందరు ఆశ్చర్యంతో అడుగుతారు. కొందరు అనుమానంతో, "డాక్టరుగారు ఉండగా నర్సమ్మ చేస్తే మేము ఒప్పుకుంటామా?" అంటారు. ఇంకొందరు మరో కొసకు పోయి, "నర్సే చేయగలిగిన పనికి ఒంగోలు, గుంటూరు ఎందుకు పంపుతున్నారు? ఇక్కడే సిస్టరుగారి చేత చేయించండి" అంటారు.

మూడు మాటలకూ జవాబు చెప్పాలి. నిజమే, అక్కడ నర్సులు చేస్తారు. బాగా చేస్తారు. అయితే ఇక్కడ మన దగ్గర నర్సులు ఆ గొట్టం పట్టరు. దానికి కారణం వారికి తెలివి లేకపోవడం కాదు. అసలు సంగతి ఏమిటంటే, పేగు పరీక్షలో నర్సు చేతిలో ఉన్న పని గొట్టం ఒక్కటే కాదు. మన ప్రాంతంలో ప్రాణాలు నిలిచేదీ పోయేదీ చాలాసార్లు గొట్టం దాకా రాకముందే తేలిపోతున్నది.

ముందుగా పేగు సంగతి

పెద్దపేగు సుమారు 5 అడుగుల పొడవు ఉంటుంది. కడుపు కుడి పక్క కింద, అపెండిక్స్ ఉన్నచోట మొదలై పైకి వెళ్ళి, అడ్డంగా ఎడమ పక్కకు తిరిగి, కిందికి దిగి మలాశయంలో కలుస్తుంది. దాని లోపలి పొర మీద కొందరికి వయసు పెరిగేకొద్దీ చిన్న చిన్న కండ పెరుగుదలలు వస్తాయి. చర్మం మీద పులిపిరి వచ్చినట్లు అనుకోండి. వీటిని పాలిప్ అంటారు. చాలా పాలిప్‌లు ఏ హానీ చేయవు. కొన్ని మాత్రం నెమ్మదిగా పెరిగి కాన్సర్‌గా మారతాయి. అలా మారడానికి సాధారణంగా పదేళ్ళ వరకూ పడుతుంది. ఈ పదేళ్ళే మనకు దొరికే అవకాశం. ఆ లోపల పాలిప్‌ను కనుక్కొని తీసేస్తే కాన్సర్ రాకుండానే ఆపవచ్చు. కాన్సర్ వచ్చినా, పేగు గోడ దాటకముందు దొరికితే ఎక్కువమంది బాగుపడతారు.

కనుక్కోవడానికి ఉన్న దారులు నాలుగు. మలంలో కంటికి కనబడని నెత్తురు ఉందేమో చూసే పరీక్ష మొదటిది. మలద్వారంలో వేలు పెట్టి చూడడం రెండవది; చాలామంది సిగ్గుతో వద్దంటారు గాని, రెండు నిమిషాల పని, ఖర్చు లేనిది, మలాశయం అడుగు భాగంలోని గడ్డ వేలికే తగులుతుంది. మూడవది సుమారు 60 సెంటీమీటర్ల వరకూ వెళ్ళే వంగే గొట్టం, దీన్ని సిగ్మాయిడోస్కోపీ అంటారు. ఇది పేగు ఎడమ భాగాన్ని చూపిస్తుంది. పెద్దపేగు మొత్తాన్ని చూసేది కొలనోస్కోపీ. గొట్టం చివర చిన్న కెమెరా, దీపం ఉంటాయి. పాలిప్ కనబడితే సన్నని తీగతో అప్పుడే తీసివేయవచ్చు.

ఈ పరీక్షలు ప్రాణాలు కాపాడతాయన్నది పెద్ద పరిశోధనల్లో తేలిన సంగతి. అమెరికాలోని మిన్నెసోటాలో ఏడాదికి ఒకసారి మలపరీక్ష చేయించుకున్నవారిలో పెద్దపేగు కాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయని 1993లో ప్రకటించారు. బ్రిటన్‌లో 55 నుంచి 64 ఏళ్ళ వారిని ఒక్కసారి పొట్టి గొట్టం పరీక్షకు పిలిచి పదకొండేళ్ళు గమనించారు. పిలుపు అందినవారిలో ఈ కాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2010లో తేలింది.

గొట్టం నర్సుల చేతికి ఎలా వచ్చింది

ఇన్ని లక్షల మందికి పరీక్ష చేయాలంటే చేసే చేతులు కావాలి. పేగు డాక్టర్లు సరిపోరు. ఈ లెక్క అమెరికాలో చాలా ముందే వేశారు. నర్సుల చేత సిగ్మాయిడోస్కోపీ చేయించిన అనుభవాన్ని అక్కడి డాక్టర్లు 1977లోనే వైద్య పత్రికలో రాశారు. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇంకో నివేదిక వచ్చింది. శిక్షణ పొందిన నర్సులు డాక్టర్లంత కచ్చితంగా, అంత సురక్షితంగా ఈ పరీక్ష చేస్తున్నారని అందులో చెప్పారు. అదే కాలంలో బ్రిటన్‌లోని పేగు డాక్టర్ల సంఘం కూడా, తగిన శిక్షణ ఉంటే నర్సులు ఈ పని చేయవచ్చని ఒప్పుకొన్నది.

ఒప్పుకొని ఊరుకోలేదు, సరిచూశారు. 1999లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 328 మంది రోగులను చీటీ వేసినట్లు పంచి, కొందరికి నర్సు చేత, కొందరికి పేగు డాక్టరు చేత పరీక్ష చేయించి, వెంటనే ఇంకొకరి చేత మళ్ళీ చూపించారు. మొదటివారు ఎన్ని పాలిప్‌లు వదిలేశారో లెక్క తేలింది. ఇద్దరూ ఇంచుమించు ఐదింట ఒకటి వదిలేశారు, తేడా లేదు. ఈ లెక్కలో నర్సులకు ఎంత మెప్పు ఉందో, గొట్టం పరీక్షను గుడ్డిగా నమ్మేవారికి అంత హెచ్చరికా ఉంది. డాక్టరు చూసినా కొన్ని తప్పిపోతాయి. అందుకే ఒకసారి "ఏమీ లేదు" అని కాగితం ఇచ్చాక కూడా నెత్తురు పడుతూ ఉంటే మళ్ళీ రమ్మని మేము చెప్పేది.

బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 1,800 మందికి పైగా రోగులతో ఇంకా పెద్ద పరిశోధన చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తరువాత రోగుల పరిస్థితి చూస్తే, నర్సు చేసినా డాక్టరు చేసినా చెప్పుకోదగ్గ తేడా లేదు. నర్సు చేసిన పరీక్షపై రోగులు ఎక్కువ తృప్తి చెప్పారు. నర్సులు కుదురుగా చూశారు, చెప్పి చూశారు. అయితే డబ్బు లెక్క దగ్గర ఫలితం అనుకున్నట్లు రాలేదు. నర్సు జీతం తక్కువ కాబట్టి ఖర్చు తగ్గుతుందని చాలామంది ఆశించారు. అన్నీ కలిపి లెక్కవేస్తే డాక్టర్ల చేత చేయించడమే ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుందేమో అన్న మాట వచ్చింది. కాబట్టి నర్సుల చేత చేయించడం చవకబేరం కోసం అనుకోవడం సరికాదు. డాక్టర్లు చాలని చోట పని ఆగకుండా నడవడానికి అది పనికివస్తుంది. మా అభిప్రాయంలో ఇదే మంచి కారణం కూడా.

ఇంగ్లండులో 2006లో ఊరూరా పేగు కాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు 50 నుంచి 74 ఏళ్ళ వారందరికీ రెండేళ్ళకు ఒకసారి మలపరీక్ష డబ్బీ పోస్టులో ఇంటికి వస్తుంది. అందులో నెత్తురు ఉన్నట్లు తేలితే ముందు మాట్లాడేది ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు. ఆమె ఆరోగ్యం గురించి అడుగుతుంది, గొట్టం పరీక్షకు తగునా కాదా చూస్తుంది, భయం తీరుస్తుంది, ఫలితం వచ్చాక తానే చెబుతుంది. 55 ఏళ్ళ వారికి ఒక్కసారి పొట్టి గొట్టం పరీక్ష చేసే మరో కార్యక్రమం 2013లో మొదలైంది. అందులో నర్సులు చాలా పని చేశారు. కరోనా కాలంలో అది నిలిచిపోయి 2021లో పూర్తిగా ఎత్తివేశారు. 2015లో అక్కడి ప్రభుత్వం డాక్టర్లు కాని 200 మందిని 2018 నాటికి గొట్టం పరీక్షలకు తయారు చేస్తామని ప్రకటించింది. నర్సులే కాదు, ఎక్స్‌రే సిబ్బంది, ఆపరేషన్ థియేటర్ సిబ్బంది కూడా ఈ శిక్షణకు వస్తారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ నర్సు నిన్న వార్డులో ఉండి నేడు గొట్టం పట్టలేదు. పక్కన నిపుణులు నిలబడి చూస్తుండగా వందల సంఖ్యలో పరీక్షలు చేస్తుంది. ప్రతి పరీక్షా పుస్తకంలో ఎక్కుతుంది. ఎన్నిసార్లు పేగు చివరి దాకా వెళ్ళగలిగింది, ఎంతమందిలో పాలిప్ కనిపెట్టింది, ఎవరికైనా హాని జరిగిందా అని లెక్క చూసి అనుమతి పత్రం ఇస్తారు. ఆ తరువాతా ఆ లెక్క చూస్తూనే ఉంటారు. డాక్టర్లకూ అదే పత్రం, అదే లెక్క. కొలనోస్కోపీలో సుమారు వెయ్యి, రెండు వేల మందిలో ఒకరికి పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. అది జరిగితే వెంటనే ఆపరేషన్ చేయగల సర్జన్ అందుబాటులో ఉండాలి. పేరు వెనుక ఉన్న డిగ్రీ ఒక్కటే మనిషిని కాపాడదు. శిక్షణ, లెక్క, వెనుక నిలబడే ఆసుపత్రి, ఈ మూడూ ఉంటేనే నర్సు చేసినా డాక్టరు చేసినా భద్రం.

మన దేశంలో

మన దేశంలో పేగులోకి గొట్టం పెట్టి చూసే పని డాక్టర్లదే. నర్సులు, టెక్నీషియన్లు పక్కన ఉండి సాయం చేస్తారు. ఊరూరా పేగు పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం కూడా ఇక్కడ లేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్ళు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు కాన్సర్లకే పరీక్షలు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఫారం నింపుతుంది, ఏ.ఎన్.ఎం. పరీక్షకు పిలుస్తుంది.

అంటే డాక్టర్లు కానివారు కాన్సర్ పరీక్షలు చేయడం మనకు కొత్త కాదు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998 నుంచి మురికివాడల్లోని సుమారు లక్షన్నర మంది స్త్రీలతో ఒక పరిశోధన నడిపారు. పదో తరగతి చదివిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి, వెనిగర్ వంటి ద్రావకం అద్ది గర్భాశయ ముఖద్వారాన్ని కంటితో పరీక్షించడం నేర్పారు. వీరు డాక్టర్లు కారు, నర్సులూ కారు. పన్నెండేళ్ళు గడిచాక లెక్క చూస్తే, వీరు పరీక్షించిన వాడల్లో ఆ కాన్సర్ మరణాలు 31 శాతం తక్కువ. ఈ ఫలితం 2014లో అచ్చయింది.

మన తెలుగు పల్లెల్లో ఇంకో ఉదాహరణ కంటి పరీక్షలు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు పల్లె యువతీ యువకులకు ఏడాదిపాటు శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లుగా చిన్న చిన్న కేంద్రాల్లో పెట్టారు. వారు చూపు కొలిచి అద్దాలు ఇస్తారు. శుక్లమో మరొకటో కనబడితే పెద్ద కేంద్రానికి పంపుతారు. ఆపరేషన్ చేయరు. ఏది తాము చేయాలో, ఏది పైకి పంపాలో తెలియడమే ఆ శిక్షణలో పెద్ద భాగం.

మరి పేగు కాన్సర్‌కు మన దగ్గర అలా ఎందుకు చేయడం లేదు? మొదటి కారణం, ఈ కాన్సర్ మన దేశంలో తక్కువ. ఏడాదికి లక్షమందిలో సుమారు ఐదుగురికి వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో దీనికి అనేక రెట్లు. రెండో కారణం మన పల్లెలకు బాగా వర్తించేది. మలంలో నెత్తురు కనబడితే అక్కడ కాన్సర్ అనుమానం బలంగా ఉంటుంది. ఇక్కడ కొంకిపురుగులు, జిగట విరేచనాలు, మొలలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చెప్పులు లేకుండా చేలో తిరిగే మనిషి పేగులో కొంకిపురుగులు చేరి రోజూ కొంచెం కొంచెం నెత్తురు తాగుతాయి. అందరికీ మలపరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చిన ప్రతివారినీ కొలనోస్కోపీకి పంపాలి. అంతమందికి చేసే చోట్లు మనకు లేవు. కాబట్టి ఏ బాధా లేని అందరినీ పట్టుకొని పరీక్షించమని మేము చెప్పడం లేదు.

కాని ఈ తక్కువ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. టాటా ఆసుపత్రిలో చూసిన 800 మంది పెద్దపేగు కాన్సర్ రోగుల లెక్క 2017లో అచ్చయింది. వారి సగటు వయసు 47 ఏళ్ళు. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా అరవై దాటినవారి జబ్బు. మన దగ్గర ఇంటికి సంపాదించి పెట్టే వయసులో కూడా వస్తున్నది. "నాకు నలభై ఏళ్ళే కదా, కాన్సర్ ఏమిటి, మొలలే" అనుకోవడానికి వీలు లేదు.

మొలలే అనుకోవడం వల్ల

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, ఏ బస్టాండు దగ్గర చూసినా "ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం" అన్న బోర్డు కనబడుతుంది. దొడ్డికి వెళ్ళినప్పుడు నెత్తురు పడినవారు మొదట అక్కడికే వెళతారు. ఏ మందో తెలియని సూది ఒకటి వేస్తారు. కొన్నాళ్ళు తగ్గినట్లు ఉంటుంది. మళ్ళీ పడుతుంది. మళ్ళీ వెళతారు. ఇలా ఆరు నెలలు, ఏడాది గడుస్తుంది. వేలు పెట్టి చూసినవారు లేరు. మా దగ్గరకు వచ్చే నాటికి ముఖం పాలిపోయి, నడుము సన్నబడి వస్తారు. నిజానికి మలద్వారం నుంచి నెత్తురు పడేవారిలో ఎక్కువమందికి ఉన్నది మొలలే, అది మేమూ ఒప్పుకుంటాం. మొలలు ఉన్నవారికి పైన గడ్డ కూడా ఉండవచ్చన్నదే మా మాట. మొలలు కనబడినంత మాత్రాన వెతకడం ఆపకూడదు.

డాక్టరు కానివారు చేసే పని అంటే రెండు రకాలు. శిక్షణ పొంది, హద్దు తెలిసి, పైన డాక్టరు ఉండి, చేసింది పుస్తకంలో రాసి చేసే నర్సు ఒక రకం. ఏ శిక్షణా లేక, ఏ కాగితమూ ఇవ్వక, పైకి పంపడం అన్న మాటే లేని బోర్డు వైద్యుడు మరొక రకం. ఇద్దరూ డాక్టర్లు కారు గదా అని ఒకే గాట కట్టవద్దు. నర్సు చేతి పరీక్షను అనుమానించి, బోర్డు చూసి నమ్మేవారిని చూస్తే మాకు బాధ కలుగుతుంది. మీ ఊరి ఆర్.ఎం.పి. గారి దగ్గరకు ముందుగా వెళ్ళినా తప్పు లేదు. ఆయన "ఇది నా వల్ల కాదు, ఆసుపత్రికి వెళ్ళండి" అన్నారంటే ఆయన మీకు మేలు చేశారని అర్థం.

మన ఆసుపత్రిలో సిస్టర్లు చేసేది

సిస్టర్ల పనిలో మొదటిది అడగడం. చిన్న పనిలా కనబడుతుంది గాని, మా అనుభవంలో సగం జబ్బు ఇక్కడే దొరుకుతుంది. ఆడవారు ఈ సంగతి మగ డాక్టరుకు చెప్పరు. నీరసం అని వస్తారు, కాళ్ళ నొప్పులు అని వస్తారు. బి.పి. చూస్తూ సిస్టరు మెల్లగా అడుగుతుంది.

"దొడ్డికి సాఫీగా అవుతోందా అవ్వా?"

"అవుతాంది తల్లీ. అప్పుడప్పుడు నెత్తురు పడతాది. అది వేడి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన ఎండాకాలం నుంచి."

వేడి అన్న ఆ ఒక్క మాట కింద ఎన్ని దాగి ఉంటాయో సిస్టర్లకు తెలుసు. ఇంగ్లండులో నర్సుల పరీక్షలకు ఆడవారు తేలికగా ఒప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇక్కడ గొట్టం డాక్టరు చేతిలో ఉన్నా, ఆడ రోగి పక్కన సిస్టరు ఉండకుండా ఏ పరీక్షా చేయం. వేలితో చూడాల్సి వచ్చినా తెర వేసి, చెప్పి, ఒప్పుకున్న తరువాతే.

మలపరీక్ష డబ్బా ఇచ్చేదీ సిస్టరే. పాత రకం పరీక్షకు మూడు రోజుల పథ్యం ఉంది. మాంసం, ముఖ్యంగా మేక నల్ల, కాలేయం తినకూడదు, ముల్లంగి తినకూడదు. ఆ పరీక్షకు మేక నెత్తురుకూ మనిషి నెత్తురుకూ తేడా తెలియదు. నిమ్మ, నారింజ, సి విటమిన్ మాత్రలు ఎక్కువగా తీసుకుంటే ఉన్న నెత్తురును కూడా దాచేస్తాయి. కొత్త రకం పరీక్ష మనిషి నెత్తురును మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి పథ్యం అక్కరలేదు. మీకు ఏ రకం ఇచ్చారో సిస్టరును అడిగి తెలుసుకోండి. ఐరన్ మాత్రలు వాడేవారికి మలం నల్లగా వస్తుంది, అది చూసి భయపడవద్దు. కాని ఐరన్ వాడకుండానే తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే అది పైపేగులో నెత్తురు కారుతున్న గుర్తు కావచ్చు, ఆ రోజే రండి.

నెత్తురు కంటికి కనబడుతున్నవారు మలపరీక్ష కోసం ఎదురుచూడనక్కరలేదు. అది ఏ బాధా లేనివారి కోసం తయారైన పరీక్ష. మలంలో కనబడే నెత్తురు, కొత్తగా మొదలై తగ్గని మలబద్ధకం లేక విరేచనాలు, దొడ్డికి వెళ్ళాక కూడా ఇంకా మిగిలినట్లు అనిపించడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే నేరుగా డాక్టరు చూడాలి. నెలసరి ఆగిపోయిన ఆడవారిలోను, మగవారిలోను నెత్తురు తక్కువ ఉందని తేలితే ఐరన్ మాత్రలు ఇచ్చి పంపేయడం సరిపోదు, ఆ నెత్తురు ఎక్కడ పోతున్నదో వెతకాలి. తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో ఎవరికైనా పెద్దపేగు కాన్సర్ వచ్చి ఉంటే మీకు బాధ లేకపోయినా మాతో చెప్పండి. అలాంటివారికి 40 ఏళ్ళకు, లేదా ఆ బంధువుకు జబ్బు వచ్చిన వయసుకు పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టమని వైద్యులు చెబుతారు.

పేగు కడగడం

కొలనోస్కోపీకి ముందు పేగు శుభ్రం కావాలి. ఇది పూర్తిగా నర్సుల చేతిలోని పని, మా దృష్టిలో గొట్టం తిప్పడం కంటే తక్కువది కాదు. పేగులో మలం మిగిలి ఉంటే ఎంత గొప్ప డాక్టరు చూసినా పాలిప్ కనబడదు. ముందు రోజు పప్పు, ఆకుకూరలు, టమాటా, జామ వంటి గింజలున్నవి మానాలి. వడకట్టిన గంజి, పల్చని మజ్జిగ తేట, కొబ్బరినీళ్ళు తీసుకోవచ్చు. ఎర్రటి షరబతులు వద్దు, లోపల నెత్తురులా కనబడతాయి. తరువాత లీటర్ల కొద్దీ నీటిలో కలిపిన మందు కొంచెం కొంచెంగా తాగాలి. పదిసార్లయినా వెళ్ళవలసి వస్తుంది. చివరకు నీళ్ళలా తేటగా రావాలి.

పుస్తకాల్లో ఇది ఇంటి దగ్గరే తాగి రమ్మని రాసి ఉంటుంది. రాసినవారు మన పల్లెలు చూసి ఉండరు. దోర్నాల అవతల నుంచో, అర్ధవీడు వైపు నుంచో వచ్చే మనిషి ఆ మందు తాగి పల్లెవెలుగు బస్సులో మూడు గంటలు ఎలా కూర్చుంటాడు? ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ళ కోసం ఎదురుచూసే ఇంట్లో పదిసార్లు దొడ్డికి వెళ్ళమంటే నీళ్ళు ఎక్కడివి? అందుకే దూరం నుంచి వచ్చేవారు పరీక్ష చేసే ఆసుపత్రిలో ముందు రోజు మధ్యాహ్నానికే చేరేలా ఏర్పాటు చేసుకోవాలి. పంపేటప్పుడు సిస్టరు ఈ సంగతి కాగితం మీద రాసి ఇస్తుంది. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు, నెత్తురు పలచబడే మందులు వాడేవారు ఆ మాట తప్పకుండా ముందే చెప్పాలి. ఏది ఆపాలో ఏది ఆపకూడదో డాక్టరు నిర్ణయిస్తారు, మీరు సొంతంగా ఆపవద్దు. ముసలివారికి ఈ మందుతో ఒంట్లో నీరు పోయి కళ్ళు తిరగవచ్చు, పక్కన మనిషి ఉండాలి.

కాన్సర్ అని తేలితే దారి మూసుకుపోలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కింద కాన్సర్ ఆపరేషన్లు, మందులు ఉన్నాయి. గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నాట్కో కాన్సర్ విభాగం ఉంది. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్ల నుంచి గుంటూరుకు రైలు ఉంది కాబట్టి ఒంట్లో బాగాలేని మనిషికి బస్సు కంటే అదే మేలు. రేషన్ కార్డు, ఆధార్, పాత కాగితాలు వెంట ఉంచుకోండి.

గొట్టం పరీక్షలో పాలిప్ తీసినవారు ముక్క పరీక్ష రిపోర్టు తెచ్చుకోవడం మరచిపోతున్నారు. తీశారు, అయిపోయింది అనుకుంటున్నారు. మళ్ళీ ఎన్నేళ్ళకు చూడాలన్నది ఆ రిపోర్టును బట్టే ఉంటుంది. పాలిప్ రకం, పరిమాణం, సంఖ్య చూసి కొందరికి మూడేళ్ళు, కొందరికి ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు అంటారు. ఆ కాగితం మాకు తెచ్చి చూపితే సిస్టరు మీ పేరు, రావలసిన సంవత్సరం మన పుస్తకంలో రాసుకుంటుంది. ఊరు మారినా, ఫోను నంబరు మారినా చెప్పి పోండి.